మంచి నడత పతకం

కవరు చేతిలోకి తీసుకోగానే ఎల్డన్ హార్జుకి ఒళ్ళు మండింది. బరువుగా ఉంది. అతను అడిగింది ఒక్క పతకం. ఒక్క పతకం ఇంత బరువుండదని సైన్యంలో పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు.

పోస్టు డబ్బా దగ్గరికి చేరడానికే పార పట్టాల్సి వచ్చింది. పొద్దున రోడ్డు మీద మంచు తోసుకుపోయిన లారీవాడెవడో సరిగ్గా డబ్బా ముందు నడుమెత్తు గట్టు పోసి తన దారిన తను పోయాడు. రిటైరయ్యేదాకా ఎల్డన్ కూడా ఇవే కౌంటీ రోడ్ల మీద మంచు లారీ నడిపాడు. ప్రతి పోస్టు డబ్బా ముందూ లారీ నెమ్మది చేసి, బ్లేడు కాస్త పక్కకి తిప్పేవాడు. అదేమంత పని కాదు. ఇప్పటివాళ్ళకి అంత తీరిక కూడా లేదు కాబోలు.

పికప్‌లో కూర్చుని హీటరు పెట్టుకుని, జేబుకత్తితో కవరు కోశాడు. లోపల చిన్న చిన్న డబ్బాలు. ఒకటి తెరిచాడు, అది కాదు. ఇంకోటి తెరిచాడు, అదీ కాదు. వియత్నాంలో ఉన్నందుకొకటి, ఆ దేశం వాళ్ళు ఇచ్చిందొకటి, దళం మొత్తానికి కలిపి ఇచ్చిందొకటి. చివరి డబ్బాలో ఎర్ర రిబ్బను, మధ్యలో నీలం చార, కింద కంచు నక్షత్రం, యుద్ధంలో ఘనంగా పనిచేసినవాళ్ళకిచ్చేది. దాని కోసం కోర్టు భవనం మెట్లరిగేలా తిరిగినవాళ్ళు ఈ ఊళ్ళోనే ఉన్నారు. ఎల్డన్ దాన్ని వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, "దీన్నెవడడిగాడు," అని మూత వేసేశాడు.

కవరు అడుగున కాగితం ఉంది. సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చిన సర్టిఫికెట్‌లో ఫలానా పతకాలు రాయడం మరిచాము, ఇందుమూలంగా కలిపాము అని దాని సారాంశం. ఎల్డన్ కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందికి చదివాడు. కిందినుంచి పైకి చదివాడు. మంచి నడత పతకం మాత్రం అందులో లేదు. ఇంటివైపు తిప్పాల్సిన పికప్‌ను ఊళ్ళోకి తిప్పాడు.

కోర్టు భవనం నేలమాళిగలో, బాయిలరు గది పక్కన, మాజీ సైనికుల పనులు చూసే కౌంటీ ఆఫీసుంది. ఆఫీసంటే మార్లా ట్రెగేర్ ఒక్కతే. ఇరాక్‌లో సైన్యం లారీలు నడిపి వచ్చిన మనిషి. ఈ కౌంటీలో యూనిఫాం తొడిగి విప్పిన ప్రతివాళ్ళ దరఖాస్తూ ఇప్పుడు ఆమె చేతిమీదుగానే పోవాలి. ఎల్డన్ వెళ్ళేసరికి ఆమె ఒక ముసలావిడ ఇంట్లో మెట్ల లిఫ్టు కోసం ఫారం నింపుతోంది. అతను డబ్బాలన్నీ ఆ ఫారం మీదే కుమ్మరించాడు.

"వీటిని వెనక్కి పంపించెయ్."

మార్లా ఒక్కో డబ్బా తెరిచి చూసింది. చివరిది తెరిచి, కుర్చీలో నిటారుగా కూర్చుంది. "ఎల్డన్ గారూ, ఇది కంచు నక్షత్రం."

"నాకూ కళ్ళున్నాయి."

"మీకిది వచ్చిందని ఎప్పుడూ చెప్పలేదే."

"నాకు మాత్రం ఎవడు చెప్పాడు? నేను కాఫీ అడిగాను మార్లా. వీళ్ళు పెళ్ళి కేకు పంపారు. కేకు బాగానే ఉంది. నాకు కాఫీ కావాలి."

ఆమె కాగితం చదివి నిట్టూర్చింది. సంగతి ఆమెకి కొత్తది కాదు. ఎల్డన్ మొదటి దరఖాస్తు పెట్టినప్పుడు రికార్డుల ఆఫీసువాళ్ళు అతని ఫైలంతా తిరగేశారు. అడగనివన్నీ అతనికి రావలసి ఉన్నాయనీ, అడిగినదొక్కటీ రాదనీ తేల్చారు. పని చేసిన ప్రతిచోటా పై అధికారి అతని నడత గడిలో 'అత్యుత్తమం' అని రాసి సంతకం పెట్టాడు. ఒక్కచోట తప్ప. మలేరియా వచ్చి కొన్ని వారాలు ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు ఆ గడి ఎవరూ నింపలేదు. ఖాళీ గడిని మంచి నడతగా పరిగణించలేము అని రాశారు.

"మంచానికి అతుక్కుపోయినవాడు ఏం చెడ్డపని చేస్తాడట?" అన్నాడు ఎల్డన్. ఈ మాట అతను ఈ గదిలో ఎన్నిసార్లన్నాడో గోడలకి తెలుసు. "దుప్పటి కప్పుకుని వణుకుతూ ఏ బ్యాంకు దోచుకుంటాను?"

"ఆసుపత్రి రోజులు లెక్కలోకి తీసుకోకూడదని వాళ్ళ నిబంధనల్లోనే ఉంది. అది చూపిస్తూ చలికాలం మొదట్లోనే రెండో దరఖాస్తు పెట్టాం కదా. ఈ డబ్బాలు మొదటిదానికి వచ్చిన జవాబు. రెండోది ఎక్కడుందో ఇప్పుడే కనుక్కుంటాను. కూర్చోండి."

ఫోను స్పీకర్లో పెట్టి, ఆమె మళ్ళీ మెట్ల లిఫ్టు ఫారం అందుకుంది. ఫోనులో బాకా పాట మొదలైంది. కాస్త దూరం పోయి ఆగి, మళ్ళీ మొదటికొస్తుంది. మధ్యమధ్య ఒక ఆడగొంతు మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం అంటుంది. ఎల్డన్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు, మళ్ళీ తలకి పెట్టుకున్నాడు. మార్లా ఫారం పూర్తి చేసి, కవరు అంటించి, కమలాపండు ఒలిచి సగం అతని ముందు పెట్టింది. బాకా ఊదేవాడికి ఊపిరి అయిపోవడం లేదు.

చివరికి ఒకడు పలికాడు. పుట్టిన తేదీ అడిగాడు, సైనిక నంబరు అడిగాడు. చెవి మిషను సరిచేసుకుంటూ ఎల్డన్ అన్నీ చెప్పాడు. "మీకు కంచు నక్షత్రం వచ్చినట్టుంది సార్, అభినందనలు. దేశానికి మీరు చేసిన సేవకి ధన్యవాదాలు," అన్నాడు అవతలివాడు.

"సేవ సంగతి తరవాత చూద్దాం. పతకం సంగతి చెప్పు నాయనా."

"అది వేరే విభాగం సార్, కలుపుతాను," అన్నాడు. కలపబోయి తెంపేశాడు.

ఎల్డన్ ఫోను వైపు చూసిన చూపుకి అది కరిగిపోవాలి. మార్లా చెయ్యి తుడుచుకుని అదే నంబరు మళ్ళీ నొక్కింది. బాకా మళ్ళీ మొదలైంది.

ఈసారి దొరికిన ఆమె గొంతులో అలసట ఉంది, కానీ పని తెలిసిన గొంతు. కీబోర్డు చప్పుడు చాలాసేపు వినిపించింది. "మీ వాదన ఒప్పుకున్నారండీ," అంది. "ఆసుపత్రి రోజులు తీసేశారు. సంతకమొక్కటే మిగిలింది."

"మరి పెట్టెయ్యమను," అన్నాడు ఎల్డన్.

"సంతకం పెట్టే ఆయన సెలవులో ఉన్నారు. గురువారం వస్తారు."

"ఖాయంగా వస్తాడా?"

"వస్తే గురువారమే వస్తారండీ."

ఫోను పెట్టేశాక మార్లా మిగిలిన తొనలు నోట్లో వేసుకుని అతన్ని తేరిపార చూసింది. "ఒకటడుగుతాను. మంచి నడత పతకమంటే దాదాపు ప్రతివాడికీ ఇస్తారు. నాకూ ఉంది, ఎక్కడ పడేశానో తెలీదు. కంచు నక్షత్రాన్ని చూసి మొహం చిట్లించారు, దీని కోసం రెండేళ్ళుగా నా ప్రాణం తోడేస్తున్నారు. ఏం చేసుకుంటారు దాన్ని?"

"మా రూబెన్‌కి చూపించాలి."

రూబెన్ సల్మెలా ఎల్డన్‌కి బావ, భార్యకి అన్న. ఊళ్ళో అందరికీ తెలిసిన మనిషే. "ఆయనకి పక్షవాతం వచ్చింది కదా," అంది మార్లా.

"అందుకేగా తొందర. మాట పడిపోయింది. ఇప్పుడు చూపిస్తే తిరిగి ఒక్క ముక్క కూడా అనలేడు."

మార్లా కమలా తొక్కలు పోగుచేసి చెత్తబుట్టలో వేసింది. "ఇంత పంతం ఉన్నవాడికి మంచి నడత పతకం ఇవ్వద్దని నేనే ఓ ఉత్తరం రాస్తే బాగుంటుందేమో," అంది చివరికి.

"రెండేళ్ళాగు. అప్పటిదాకా వాళ్ళు ఫోనెత్తరు," అని ఎల్డన్ లేచాడు.

*

కంచు నక్షత్రం గేలపు ముళ్ళుండే సొరుగులోకి పోయింది. మర్నాడు పురికొస కోసం ఆ సొరుగు లాగి, వర్నా దాన్ని బయటికి తీసింది. పొయ్యి పక్కన కూర్చుని బూటు తాళ్ళు మారుస్తున్న భర్త ముందు బల్ల మీద పెట్టింది.

"ఏంటిది?"

"పొరపాటున పంపారు."

ఆమె డబ్బా తెరిచి, రిబ్బను మీద వేలితో ఒకసారి రాసింది. "పొరపాటున కాదు, పేరు రాసుంది. ఏం చేశావు నువ్వక్కడ?"

"రోడ్డు వేశాను. ఇక్కడేం చేశానో అదే చేశాను. అక్కడ మంచు లేదు, రోడ్డు కింద మందుపాతరలు ఉండేవి. అంతే తేడా." అతను తాడు కొస నోట్లో పెట్టి తడిపి, కన్నంలోకి దూర్చాడు. "నాకు కావలసింది గురువారం వస్తుంది."

వర్నా అప్పుడే అన్న దగ్గర్నుంచి వచ్చింది. కోటు కూడా విప్పలేదు. రోజు విడిచి రోజు ఆమె తన కారులో నర్సింగ్ హోముకి వెళ్ళి వస్తుంది. ఎల్డన్ క్రిస్మస్ తరవాత అటు తొంగి చూడలేదు. కాగితం వచ్చాకే వస్తానని భీష్మించుకు కూర్చున్నాడు.

"ఇవాళేమన్నాడు?" అనడిగాడు, తాడు మీంచి చూపు తిప్పకుండా.

"ఏమంటాడు. అవునన్నాడు. ప్యాన్‌కేక్ అన్నాడు. మాటలు నేర్పే అమ్మాయి బొమ్మల అట్టలు చూపిస్తుంది. చెంచా చూపిస్తే ప్యాన్‌కేక్, గుర్రం చూపిస్తే ప్యాన్‌కేక్. తర్వాత కోపమొచ్చి ఒక బూతు మాట అంటాడు, అది మాత్రం శుభ్రంగా పలుకుతాడు." ఆమె నవ్వబోయింది, నవ్వు రాలేదు. "నా ఫోటో అట్టకి అంటించి చూపించింది. 'ఈవిడెవరు, పేరు చెప్పండి' అంది. నా మొహంలోకి చూస్తూనే ఉన్నాడు ఎల్డన్. తెలుసు వాడికి. నోరు ఇలా ఇలా పెట్టాడు. రాలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నేను డెబ్భై ఏళ్ళుగా వాడి చెల్లెల్ని, నా పేరు రాలేదు."

ఎల్డన్ బూటు కింద పెట్టాడు. ఏదో ఒకటి అనాలని అతనికీ తెలుసు. కానీ నోట్లోంచి వచ్చింది వేరే మాట. "వాడికి నా పేరు ఎప్పుడైనా వచ్చిందా? ప్రతి శనివారం వాడి ఇంటికి సౌనాకి, ఆవిరి స్నానానికి వెళ్ళాం. నువ్వు రొట్టె పట్టుకుని ముందు లోపలికి పోతావు. నేను గుమ్మం దగ్గర బూట్లకున్న మంచు కొట్టుకుంటూ ఉంటే, లోపల్నుంచి ఊరంతా వినపడేలా అరుస్తాడు. 'వర్నా, నీ నడతలేనోణ్ణి బూట్లు దులుపుకుని రమ్మను.' యాభై ఏళ్ళు. నాకు పేరు లేదా?"

"సరదాకి అన్నాడు."

"మీ నాన్న సరదాకి అన్నాడా?"

వర్నా కోటు బొత్తాలు విప్పడం మొదలెట్టింది. పెళ్ళికి ముందు ఆమె పుట్టింటి వంటింట్లో జరిగింది ఇద్దరిలో ఎవరూ మర్చిపోలేదు. తండ్రి చర్చిలో ప్రసంగాలు చేసే మనిషి. కూతుర్ని అడగడానికి వచ్చినవాడికి కాఫీ, యాలకుల రొట్టె పెట్టి, సైన్యం ఇచ్చిన సర్టిఫికెట్ చూపించమన్నాడు. భుజం మీంచి తొంగి చూసిన రూబెన్, 'మంచి నడతేదీ? జర్మనీలో బంగాళాదుంపలు చెక్కినందుకే నాకిచ్చారే' అన్నాడు. తండ్రి కాగితం మడిచి, ఏమీ అనకుండా కాఫీ చల్లార్చుకుని తాగాడు. ఆ ఏమీ అనకపోవడం ఆయన పోయేదాకా సాగింది.

"రూబెన్ ఆ పతకం తుపాకుల బీరువా పక్కన అద్దం కట్టించి పెట్టుకున్నాడు," అన్నాడు ఎల్డన్. "సౌనాకి పోవాలంటే దాని ముందు నుంచే పోవాలి."

"జబ్బుమనిషి ఎల్డన్. నోరు లేనివాడి ముందుకి కాగితం పట్టుకెళ్ళి గెలుస్తావా?"

"నోరున్నప్పుడు గెలవనిచ్చాడా?"

వర్నా కోటు కొక్కానికి తగిలించింది. "శనివారం నేను యాలకుల రొట్టె చేస్తున్నాను. కాగితం వచ్చినా రాకపోయినా నువ్వు వస్తున్నావు," అంది. కంచు నక్షత్రం తీసి, సొరుగులో కాకుండా కిటికీ గట్టు మీద, ఉప్పు డబ్బా పక్కన పెట్టింది. ఎల్డన్ దాన్ని అక్కణ్ణుంచి తీయలేదు. తీస్తే ఇంకో గొడవ.

*

గురువారం ఏమీ రాలేదు. సంతకం పెట్టే ఆయన సెలవు పొడిగించాడేమో, లేక కలం మరిచిపోయి వచ్చాడేమో అనుకుని ఎల్డన్ రోజంతా పోస్టు డబ్బా ముందు గట్టు తవ్వాడు. శుక్రవారం సాయంత్రం మాజీ సైనికుల హాలుకి వెళ్ళేటప్పటికి అతని నడుము పట్టేసింది, మనసు అంతకంటే ముందే పట్టేసి ఉంది.

ఈస్టరు ముందు వారాల్లో శుక్రవారమంటే హాల్లో చేపల వేపుడు. ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది. హాలు నడిపే క్లిఫర్డ్ ఏప్రాన్ కట్టుకుని, పిండిలో ముంచిన చేప ముక్కల్ని జల్లెడలో కుదిపి నూనెలోకి దించుతున్నాడు. నూనె గోల పెడుతోంది. బారు చివర రూబెన్ కూర్చునే ఎత్తు కుర్చీ ఖాళీగా ఉంది. జనం నిలబడి తింటున్నారు గానీ ఆ కుర్చీలో ఎవరూ కూర్చోవడం లేదు. ఎల్డన్ ఎప్పటిలా దాని పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఇదివరకైతే ఈపాటికి ఓ నాలుగుసార్లు ఆ పిలుపు వినపడేది. రూబెన్ మొదలెట్టేవాడు, బారంతా అందుకునేది. ఆకులు రాలే కాలంలో రూబెన్ పడిపోయినప్పటినుంచి ఎవరూ అనడం మానేశారు. కొత్తగా వచ్చిన కుర్రవాళ్ళకి అలాంటి పేరొకటుందని కూడా తెలీదు. ప్రశాంతంగా చేప తినొచ్చు. ఎల్డన్ ప్రశాంతంగా తింటున్నాడు, చేప రుచిగా లేదు.

మార్లా తలుపు తోసుకుని వచ్చింది. మంచు పడకుండా కోటు లోపల ఒక ఫైలు పెట్టుకుంది. దాన్ని తీసి, అతని పళ్ళెం పక్కకి జరిపి, ముందు పెట్టింది.

"నాలుగింటికి వచ్చింది. ఇది కాపీ. ముద్ర ఉన్నది పోస్టులో వస్తుంది, పతకం వేసవికి వస్తుందేమో. చదువుకోండి."

ఎల్డన్ చేతులు తుడుచుకున్నాడు. చాలలేదనిపించి మళ్ళీ తుడుచుకున్నాడు. కాగితంలో ఒక్కటే వాక్యం కొత్తది. ఎల్డన్ ఆర్నల్డ్ హార్జుకి మంచి నడత పతకం కలపడమైనది. కింద సంతకం ఉంది. సెలవు మీంచి వచ్చినవాడి సంతకం, విశ్రాంతిగా, అందంగా ఉంది.

క్లిఫర్డ్ నూనెలోంచి జల్లెడ ఎత్తి కొక్కానికి తగిలించి, కాగితం లాక్కుని బారు మీద చెంచాతో కొట్టి అందరికీ చదివి వినిపించాడు. పాతవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒకడు ఈల వేశాడు. "ఇక నిన్నేమని పిలవాలిరా?" అన్నాడు క్లిఫర్డ్.

"మా అమ్మ పెట్టిన పేరుంది. దాంతో పిలువు."

బారు వెనకాల బీరు పోస్తున్న ఒకతను, ఆఫ్గనిస్తాన్‌లో పనిచేసి వచ్చినవాడు, కాగితం చూసి అర్థంకాక అడిగాడు. "సార్, ఇది అందరికీ ఉండేదే కదా?"

"అవును," అన్నాడు ఎల్డన్. "అందరికీ ఉండేదే."

బీరు ఉచితంగా వచ్చింది. మార్లా వీపు తట్టి, తనకో పళ్ళెం తెచ్చుకోవడానికి వరసలోకి వెళ్ళింది. ఎల్డన్ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూశాడు. ఇన్నేళ్ళూ తను ఊహించుకున్న చప్పట్లు ఇవి కావు. ఎదురుగా ఒకడి మొహం మాడిపోవాలి. ఆ మొహం ఇక్కడ లేదు.

*

శనివారం మంచు కురుస్తూనే ఉంది. నర్సింగ్ హోము కొండకి అవతలి పక్క, సరస్సు ఒడ్డున ఉంది. దారంతా వర్నా ఒడిలో గుడ్డ చుట్టిన యాలకుల రొట్టె వాసన వేసింది. దిగేటప్పుడు మంచు మీద జారకుండా ఎల్డన్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆ కంగారులో రొట్టె సీట్లోనే ఉండిపోయింది.

రూబెన్ కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో ఉన్నాడు. కుడిచెయ్యి ఒడిలో ఎవరిదో అన్నట్టు పడి ఉంది. గడ్డం ఎవరో గీశారు, ఒకపక్క బాగా, ఒకపక్క కాస్త వదిలేసి. ఇంత చిన్న మనిషా రూబెన్, అనిపించింది ఎల్డన్‌కి. సౌనాలో పై బల్ల మీద కూర్చుని, తనని ఆవిరితో వేధిస్తూ కాలే రాళ్ళ మీద నీళ్ళ మీద నీళ్ళు గుమ్మరించినవాడు. ఎడంచెయ్యి ఎత్తి, "అవును, అవును," అన్నాడు.

"ఎలా ఉన్నావురా?"

"ప్యాన్‌కేక్."

శనివారం సెలవు కాబట్టి మాటలు నేర్పే అమ్మాయి రాలేదు, అట్టలు మాత్రం వదిలి వెళ్ళింది. ఆయా మరియన్ వాటిని కుర్చీ బల్ల మీద పరిచి పెట్టింది. ఎల్డన్ ఆ అట్టల మీదే కాగితం విప్పి పెట్టి, కళ్ళజోడు తగిలించుకున్నాడు. వర్నా అతని మోచెయ్యి పట్టి లాగింది. అతను లెక్కచెయ్యలేదు. పేరు చదివాడు, సైనిక నంబరు చదివాడు, ఆ వాక్యం చదివాడు. రూబెన్‌కి చెవులు బాగానే పనిచేస్తాయి, అయినా గట్టిగానే చదివాడు. చదవడమయ్యాక కళ్ళజోడు తీసి చూశాడు.

రూబెన్ వాక్యం కింద ఎడమచేతి వేలు పెట్టి నెమ్మదిగా జరిపాడు. చివరిదాకా జరిపి, తలెత్తాడు. మొహం మాడిపోలేదు. ఒకపక్క పెదవి పైకి లేచింది. కాగితాన్ని రెండుసార్లు తట్టి, చెయ్యి చాపాడు. ఎల్డన్ ఏం చెయ్యాలో తోచక ఆ చెయ్యి పట్టుకున్నాడు. రూబెన్ దాన్ని ఊపాడు. నోరు తెరిచి ఏదో అనబోయాడు. మెడ నరాలు తేలాయి. మాట గొంతుదాకా వచ్చి అక్కడే తిరుగుతోందని చూసేవాళ్ళకి తెలుస్తూనే ఉంది.

"ప్యాన్‌కేక్," అన్నాడు చివరికి, ఎంతో మర్యాదగా.

గెలుపంటే ఇదే. ఎదురు మాట లేదు. యాభై ఏళ్ళు కోరుకున్నది అచ్చంగా కోరుకున్నట్టే దొరికింది. ఎల్డన్‌కి చిరాకేసింది. ఎవరి మీదో తెలియని చిరాకు. సెలవు మీదున్న సంతకం మనిషి మీద, బాకా ఊదేవాడి మీద, ఈ వెధవ అట్టల మీద, ఇంత ఆలస్యంగా వచ్చిన కాగితం మీద.

వర్నా తన ఫోటో ఉన్న అట్ట తీసి అన్న ముందు పెట్టింది. "రూబెన్, నన్ను చూడు. నేనెవర్ని?" అతను ఆమెనే చూశాడు. పెదవులు కలిపాడు, విప్పాడు. ఏమీ రాలేదు. ఆమె అట్టని బోర్లా పెట్టి, కిటికీలోంచి సరస్సు మీద కురుస్తున్న మంచు చూస్తూ నిలబడింది. వీపు మాత్రం కనిపిస్తోంది. ఆ వీపుని చూస్తూ ఆ గదిలో ఉండలేకపోయాడు ఎల్డన్.

"రొట్టె పికప్‌లో మర్చిపోయాం," అని బయటికి పోయాడు.

పికప్ దాకా వెళ్ళి, రొట్టె తీసుకుని, చంకలో పెట్టుకుని, మంచులో తొక్కుకుంటూ వచ్చాడు. నడవాలో పరిచిన పట్టా తడిసి ముద్దైంది, అది ఏ బూటునీ తుడవలేదు. గది గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఇంకా మడమలకి మంచు గడ్డలు అంటుకునే ఉన్నాయి. ఆలోచించకుండానే, ఎప్పటి అలవాటో, ఒక బూటు గుమ్మానికేసి కొట్టాడు. తర్వాత రెండోది.

లోపల్నుంచి, నడవా చివరిదాకా వినపడేలా, ఒక్క అక్షరం తడబడకుండా గొంతు వచ్చింది.

"వర్నా, నీ నడతలేనోణ్ణి బూట్లు దులుపుకుని రమ్మను."

మందుల బండి తోస్తున్న ఎవరో ఆగిపోయారు. ఎల్డన్ ఒంటికాలి మీద అలాగే నిలబడ్డాడు. ముందు కోపమే వచ్చింది. అలవాటు అది, పలకరించగానే వచ్చేస్తుంది. నోరు లేకపోయినా దీనికి మాత్రం నోరుందన్నమాట. లోపలికి తల పెట్టి ఏదో అనబోయాడు.

వర్నా కిటికీ దగ్గర్నుంచి తిరిగి ఉంది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. రూబెన్ తనేమన్నాడో తనకే నమ్మకం లేనట్టు ఎడంచేత్తో పెదవులు తడుముకుంటున్నాడు. మళ్ళీ అనబోయాడు. "వ," అన్నాడు. "వ." ముందుకి పోలేదు. భయంగా చెల్లెలి వైపు చూశాడు.

"నా పేరు," అంది వర్నా. "ఎల్డన్, నా పేరన్నాడు."

"నన్ను కూడా అన్నాడు. విన్నాను."

"ఇంకోసారి," అంది ఆమె. ఎవర్ని అడుగుతోందో ఆమెకే తెలీదు. "ఇంకొక్కసారి."

రూబెన్ తల అడ్డంగా ఊపాడు. తనవల్ల కాదు. కావాలంటే వచ్చే మాట కాదది, బూట్ల చప్పుడుకి దానంతటదే వచ్చింది.

ఎల్డన్ వచ్చి రొట్టె బల్ల మీద పెట్టాడు. మడమల కింద చూసుకున్నాడు. మంచు అక్కడక్కడా ఇంకా అంటుకునే ఉంది. కానీ చాలదనిపించింది. బయట కావలసినంత ఉంది. టోపీ కిందికి లాక్కున్నాడు.

మాట విని పరుగున వచ్చిన మరియన్, రొట్టె కోయడానికి చోటు చేస్తూ అట్టలన్నీ పోగు చేసింది. వాటి మధ్యలోంచి మడతలు పడ్డ కాగితం తీసి పట్టుకుంది. "ఇది ఏమైనా ముఖ్యమైనదా సార్? లోపల పెట్టమంటారా?"

"కాదులే," అన్నాడు ఎల్డన్. "అందరికీ ఉండేదే. రొట్టె కింద వేసుకో."

విసుగ్గా ఏదో గొణుక్కుంటూ, బూట్ల నిండా మంచు తొక్కుకు రావడానికి మళ్ళీ బయటికి నడిచాడు.